కిష్టయ్య వాటా చాయ్

చార్టు సంగతి

ఆహార నిపుణులుగా కొత్తగా ఉద్యోగంలో చేరబోయే పిల్లలకు ఒక మాట. కాలేజీలో మీకు నేర్పిన డైట్ చార్టు మంచిదే, గోడకు తగిలించుకోండి. మనుషులు మాత్రం దాని ప్రకారం బతకరు.

హైదరాబాదు శివార్లలో, సుచిత్ర అనే చోట ఒక చిన్న ఆసుపత్రిలో ఇరవై తొమ్మిదేళ్లు నేను జనం చేత చక్కెర మాన్పించాను. నాకిచ్చిన గది మెట్ల కింద ఉండేది. అందులో ఒక టేబుల్, రెండు కుర్చీలు, ఒక బరువు మిషను. మేడ్చల్ నుంచీ శామీర్‌పేట నుంచీ వచ్చేవాళ్లకు నా పేరు గుర్తుండేది కాదు. "శక్కర బంద్ మేడం యాడ కూసుంటది?" అని అడుగుతూ వచ్చేవాళ్లు. నా ముక్కు మీద కోపం సంగతి కూడా వాళ్లకు ముందే తెలిసి ఉండేది. అందుకే సగం మంది భయపడుతూ కూర్చునేవాళ్లు. దానికి అప్పట్లో గర్వపడ్డాను. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

చక్కెర మానిన మొదటి పది రోజులు మనిషికి నరకమే. తల పగిలిపోతుంది, ఇంట్లోవాళ్ల మీద అరవబుద్ధేస్తుంది, సాయంత్రం నాలుగింటికి కాళ్లు వాటంతట అవే వంటింట్లోకి నడుస్తాయి. దాన్ని ఎప్పుడూ చేతకానితనం అనకండి. కోరిక పుట్టినప్పుడు కాసేపు ఓపిక పడితే అదే పోతుందని చెప్పండి. ఒక గ్లాసు మజ్జిగ తాగమనండి, నాలుగు సోంపు గింజలు నమలమనండి, వాకిట్లో అటూ ఇటూ తిరగమనండి. వాళ్ల ఊళ్లో దొరకనిది మాత్రం రాసివ్వకండి.

ఇంకో సంగతి. "తినలేదు" అన్నవాళ్లలో ఎక్కువమంది అబద్ధం చెప్పరు. తిన్నదాన్ని తిన్నట్టు లెక్కపెట్టుకోరు, అంతే. మేడ్చల్‌లో పెళ్లిళ్లకు వంటలు చేసే ఒకావిడ ఆరు నెలలు నన్ను ఏడిపించింది. చక్కెర మానేసింది, బరువు మాత్రం తగ్గదు. తీరా ఆరా తీస్తే పాకం కుదిరిందా లేదా అని రోజంతా నాకి చూస్తూనే ఉంది. "నేను తిన్ననా మేడం? రుచి జూసిన గంతే!" అంది, నన్నే తప్పు పడుతున్నట్టు. మా పెద్ద డాక్టరు గారికి చెబితే పడీ పడీ నవ్వాడు.

నేనూ నవ్వాను. బాలమణి వచ్చాక ఆ నవ్వు పోయింది. ఆమె సంగతి ఉద్యోగంలో ఉండగా ఎక్కడా చెప్పలేదు, నాకే పిచ్చంటారని. ఇప్పుడు పేర్లు మార్చి రాస్తున్నాను.

బిడ్డ మీద ఒట్టు

బాలమణిది దేవరయాంజాల్. యాభై రెండేళ్లుంటాయి. కొంత పొలం, సొంత ఇల్లు ఉన్న కుటుంబం. మొదటిసారి కూతురు స్వప్నను వెంటబెట్టుకుని వచ్చింది. స్వప్నకు ముప్పై ఏళ్లు కూడా లేవు, రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇంట్లో అందరికీ పరీక్షలు చేస్తే తల్లి కిడ్నీ ఒక్కటే సరిపోయింది. కానీ బాలమణి బరువు ఎనభై ఆరు కిలోలు, రక్తంలో చక్కెర అంచు మీద ఉంది. పన్నెండు కిలోలు తగ్గితే తప్ప ఆపరేషన్‌కు ఒప్పుకునేది లేదని పెద్దాసుపత్రి వాళ్లు తేల్చి చెప్పారు. ఈలోగా అది షుగర్ వ్యాధిగా ముదిరిందా, అసలు కిడ్నీయే తీసుకోరు.

"గడ్డి తినమంటే గడ్డి తింట మేడం," అంది కూర్చోకముందే. "నా కిడ్నీ నా బిడ్డకు వోవాలె. ఏం బంద్ జెయ్యాల్నో సెప్పు."

ఆమె తీపి మనిషి. రోజుకు ఆరు చాయ్‌లు, పెరుగన్నంలో కూడా చక్కెర. అన్నీ ఆ రోజే మానేసింది. మొదటి వారం ఫోన్ చేసి, "తలకాయ పలిగిపోతాంది మేడం, కండ్లు మూస్తే బాదుషాలు కనపడ్తున్నయ్," అని మొత్తుకుంది. రెండో వారం నిలదొక్కుకుంది. మూడో వారం చప్పటి చాయ్ అలవాటైందని చెప్పింది. ఇంత గట్టి మనిషిని నేను చూడలేదనుకున్నాను.

మిషను ఎక్కితే ఎనభై ఆరే. నెల తర్వాత ఎనభై ఏడు. రక్తంలో చక్కెర ఇంకాస్త పైకి పాకింది.

నాకు ఒళ్లు మండింది. "బాలమణమ్మా, దొంగతనంగ తింటున్నవ్. నాకు అబద్ధం సెప్పినా మిషన్‌కు సెప్పలేవ్," అన్నాను, కూతురి ఎదుటే. ఇది నా మొదటి తప్పు.

ఆమె స్వప్న నెత్తి మీద చెయ్యి పెట్టింది. "నా బిడ్డ మీద ఒట్టు. నాలుక మీద ఒక్క శక్కర పలుకు ఏసుకోలే." ఆమె కళ్లు నన్ను సూటిగా చూశాయి. అలా ఒట్టు పెట్టే తల్లి అబద్ధం చెప్పదని నాకు తెలుసు.

ఆమె మూత్రపరీక్షకు వెళ్లినప్పుడు స్వప్న మెల్లగా అంది. "అమ్మ అబద్ధం సెప్పది మేడం. నేను మందుల మీద ఉన్న, శక్కర ముట్ట. మా ఆయన చాయే తాగడు. అయినా ఇంట్ల శక్కర మాత్రం అయిపోతనే ఉంది."

"ఎవలు తింటున్నరు మరి?"

స్వప్న తలుపు వైపు ఒకసారి చూసింది. "మా నాయిన," అంది. వాళ్ల నాయిన కిష్టయ్య చనిపోయి అప్పటికి నాలుగు నెలలు దాటింది.

పెద్ద డాక్టరు గారికి చెప్పాను. ఆయన పాత హైదరాబాదు మనిషి, ఎవరినైనా అరే అనే పిలిచేవాడు. ఈసారి నవ్వలేదు. "అరే, గామె ఏం తింటాందో అడిగినవ్. ఎవరితోని తింటాందో అడిగినవా? పో, ఇంటికి పోయి జూసిరా," అన్నాడు. బాసులందరిలోకీ ఆయన మీద నాకు గౌరవం ఎందుకంటే, ఇటువంటి సలహా ఇంకెవ్వరూ ఇవ్వలేదు.

నాలుగింటి చాయ్

ఒక గురువారం మధ్యాహ్నం బస్సు దిగి, ఆటో ఎక్కి దేవరయాంజాల్ వెళ్లాను. మంచి ఎండ. పక్కింటి డాబా మీద మిరపకాయలు ఎండుతున్నాయి. భయపడాల్సిందేదీ ఎక్కడా లేదు.

నడిమి గదిలో కిష్టయ్య ఫోటో ఉంది. బొద్దు మీసాలు, మెడలో తువ్వాల. ఫోటో కింద ఒక పీట, పీట మీద స్టీలు గ్లాసూ సాసరూ. పోయినవాళ్లకు ఇష్టమైనవి సంవత్సరీకం దాకా పెట్టే ఇళ్లు మా వైపు చాలానే ఉన్నాయి. పెట్టాక తలుపు దగ్గరికి వేసి అందరూ బయటికి వచ్చేస్తారు. మనం చూస్తుంటే వాళ్లు ముట్టరని నమ్మకం. కిష్టయ్యకు చాయ్ అంటే ప్రాణమట. రోజుకు నాలుగుసార్లు, మూడేసి చెంచాల చక్కెరతో, పక్కన రెండు బాదుషాలు. బతికున్నప్పుడు ఎలా ఇచ్చిందో ఇప్పుడూ అలాగే పెడుతోంది.

"మరి తర్వాత గా చాయ్ ఏం జేస్తవమ్మా? పారబోస్తవా?" అన్నాను.

"పారబోసుడెందుకు? ఆయన తాగిపోతడు," అంది బాలమణి. బస్సు వచ్చి పోతుంది అన్నంత మామూలుగా చెప్పింది.

నాలుగైంది. ఆమె చాయ్ పెట్టి, గ్లాసు నింపి, పీట మీద ఉంచి, తలుపు దగ్గరికి వేసి వచ్చి వరండాలో నా పక్కన కూర్చుంది. స్వప్న కూడా వరండాలోనే, నడిమి గది కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. బాలమణి తన పెళ్లి సంగతి చెప్పడం మొదలుపెట్టింది. "గప్పుడు నాకు పదహారేండ్లు. మా అత్త నన్ను జూడనీకి వచ్చి..." అంటూ ఆగింది. లేచింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లి మళ్లీ దగ్గరికి వేసుకుంది.

నేను కిటికీలోంచి చూశాను.

ఆమె పీట ముందు ఒక మోకాలు పైకి మడిచి, మగవాళ్లు కూర్చున్నట్టు కూర్చుంది. మోకాళ్ల నొప్పులతో నా గదిలో కుర్చీలోంచి లేవడానికే అవస్థ పడే మనిషి. సాసర్‌లో చాయ్ పోసి, రెండుసార్లు ఊది, పెద్దగా చప్పుడు చేస్తూ జుర్రింది. వేలితో పైపెదవిని అటూ ఇటూ దువ్వింది, అక్కడ మీసం ఉన్నట్టు. బాదుషాలు రెండూ తినేసింది. గొంతు సవరించుకుంది. ఆ సవరించుకున్నది ఆడగొంతు కాదు. ఇది నేను ఎన్నిసార్లు ఆలోచించినా అలాగే గుర్తొస్తుంది.

తర్వాత బయటికి వచ్చి నా పక్కన కూర్చుని, "...కాళ్లు జూపియ్యమన్నది. నా కాళ్లు పెద్దగున్నయని వంక వెట్టింది," అని మాటను ఆపిన చోటు నుంచే అందుకుంది. మూతి తడిగా ఉంది. అంత ఎండలోనూ నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"ఇప్పుడు లోపల ఏం జేసినవ్ బాలమణమ్మా?"

"లోపలికి ఎవలు పోయిన్రు? ఈడనే కూసున్న గద నీతోని!" అని నవ్వింది. కాసేపటికి తలుపు తెరిచి ఖాళీ గ్లాసు తెచ్చి నాకు చూపించింది. "జూసినవా, తాగిపోయిండు." ఆమె ముఖం వెలిగిపోతోంది.

స్వప్న నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మ ఎన్నడు సాసర్ల తాగది మేడం," అంది చెవిలో. "గట్ల తాగేది నాయిననే."

నేను చేసిన ఘనకార్యం

నాకు సమాధానం దొరికింది, దొరక్కేం. ఒళ్లు చక్కెర అడుగుతోంది, మనసు ఒట్టు పెట్టింది. రెంటికీ మధ్య బాలమణి మనసు ఒక దారి చూసుకుంది. తాను తాగితే తప్పు, ఆయన తాగితే తప్పు లేదు. పెద్ద డాక్టరు గారు కూడా ఒప్పుకున్నాడు. కానీ నా చేతుల మీద వెంట్రుకలకు ఆ సమాధానం చాల్లేదు.

నేను చేయాల్సిన పని ఒక్కటే, బాలమణికి నిజం చెప్పడం. అది మానేసి తెలివి ఉపయోగించాను. "మీ అమ్మకు సెప్తే లేనిపోని రంది పెట్టుకుంటది" అని స్వప్నకు నచ్చజెప్పి, చాయ్ పెట్టే పని తనని తీసుకోమన్నాను. నాయిన గ్లాసులో చక్కెర వెయ్యొద్దు, బాదుషాలు అంగడిలో దొరకట్లేదని చెప్పు అన్నాను. అంటే ఒక భార్య తన మొగుడికి పెట్టే చాయ్‌ను ఆమెకు తెలియకుండా మార్పించాను.

మొదటి రోజు గ్లాసు నిండుగా ఉండిపోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజు బాలమణి తలుపు తెరిచి చూసి గుమ్మంలోనే కూలబడిందట. "ఆయన వస్తలేడు బిడ్డా," అందట.

బరువు తగ్గడం మొదలైంది. ఎనభై నాలుగు, ఎనభై ఒకటి, డెబ్బై ఎనిమిది. నేను కాగితం పట్టుకుని పెద్ద డాక్టరు గారి గదికి పరుగెత్తాను. ఆయన అంకెలు చూసి, "అరే, గామె అన్నం తింటాందా?" అన్నాడు. మంచి వార్త చెబితే ఈయనకు మెచ్చుకోవడం చేతకాదనుకుని ముఖం మాడ్చుకుని వచ్చేశాను. ఇది రెండో తప్పు. మిషను మీద అంకె దిగుతుంటే మన కళ్లకు పొరలు కమ్ముతాయి, జాగ్రత్త.

ఆమె అన్నం మానేసింది. చాయ్ గ్లాసు ఎదురుగా కూర్చుని దాని మీద మీగడ కట్టడం చూస్తూ ఉండిపోయేదట. పెద్దాసుపత్రిలో పరీక్ష చేసి, బరువు తగ్గింది గానీ ఒంట్లో రక్తం లేదు, ఈ మనిషిని కోస్తే లేవదు అన్నారు. ఆపరేషన్ వాయిదా పడింది. అదే వారం స్వప్న డయాలసిస్ మధ్యలో స్పృహ తప్పింది. తల్లీబిడ్డలిద్దరినీ నేనే గోతిలోకి తోస్తున్నానని అప్పటికి గానీ నాకు తెలియలేదు.

"అడగాలె గద"

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. బాలమణి మంచంలో పడుకుని ఉంది. నెలన్నరలో పదేళ్లు పైబడినట్టు అయిపోయింది. అంతా చెప్పేశాను. చాయ్ తాగింది నువ్వేనని, కిటికీలోంచి చూశానని, చక్కెర వెయ్యొద్దని చెప్పింది నేనేనని.

ఆమె మెల్లగా లేచి కూర్చుంది.

"నెలన్నర సంది మా ఇంటాయనకు సప్పటి చాయ్ పెట్టిచ్చినవా?"

"నీ పాణం కోసమే..."

"నా పాణం సంగతి నాకెర్కలేదా? నేనేమన్న దొంగనా, నా ఇంట్ల నాకే సాటు జేసుడు? శక్కర ఇడిసిపెట్టమన్నవ్, ఇడిసిపెట్టిన. నా బిడ్డ కోసం ఆయన్ని గూడ ఇడిసిపెట్టమంటే ఇడిసిపెట్టకపోదునా? అడగాలె గద! నేనే ఆయన్ని సాగనంపుకుందును. నువ్వు తలుపు మూసినట్టు మూసేస్తివి."

తల వంచుకుని తిట్లన్నీ పడ్డాను. అవి నాకు రావాల్సినవే.

తిట్టి తిట్టి అలిసిపోయి, గొంతు తగ్గించి అడిగింది. "నేను తాగేటప్పుడు... ఆయన మొకం ఎట్లుండె?"

ఆ ప్రశ్నకు ఏ పుస్తకంలో జవాబుంటుంది? "ఖుషీగ ఉండె బాలమణమ్మా," అన్నాను. అది నిజమే. ఆమె అప్పుడు ఏడ్చింది. మొగుడు పోయిన నాటి నుంచీ ఆమె ఏడవగా చూడలేదని స్వప్న తర్వాత చెప్పింది.

కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లి తనే చాయ్ పెట్టింది. మూడు చెంచాల చక్కెర వేసింది. నేను ఆపలేదు. గ్లాసు పీట మీద పెట్టింది కానీ తలుపు వేయలేదు. ఎదురుగా కూర్చుంది. నేనూ స్వప్నా ఆమెకు చెరో పక్కన కూర్చున్నాం.

"ఏమయ్యో," అంది ఫోటోతో. "పిల్ల పాణం మీదికొచ్చింది. దానికి నా కిడ్నీ ఇయ్యాలె. నీ వాటా ఇగ నేను తాగలేను. ఇదే ఆఖరు. తాగి, ఇగ రాకు. కోపం జేసుకోకు."

కరెంటు లేదు, ఫ్యాను ఆగి ఉంది. గాలి కూడా లేదు. ముగ్గురం పావుగంట కదలకుండా ఆ గ్లాసు వైపే చూశాం. ఆ పావుగంటా చాయ్ మీద మీగడ కట్టలేదు. ఎవరో ఊదుతున్నట్టు పైపైన సన్నగా కదులుతూనే ఉంది. ముగ్గురం చూశాం, ముగ్గురిలో ఎవ్వరమూ ఆ మాట పైకి అనలేదు.

కదలడం ఆగాక బాలమణి గ్లాసు తీసుకెళ్లి మల్లెచెట్టు మొదట్లో పోసి వచ్చింది. "ఆకలైతాంది," అంది. ఆ పూట రెండు జొన్నరొట్టెలు తింది.

తర్వాత మూడు నెలలు పద్ధతిగా తిని, పద్ధతిగా నడిచి డెబ్బై నాలుగుకు వచ్చింది. రక్తం పట్టింది. ఆపరేషన్ అయింది, తల్లి కిడ్నీ బిడ్డలో పని మొదలుపెట్టింది. ఆ రోజు నా మెట్ల కింద గదిలో తలుపేసుకుని ఏడ్చాను.

సంవత్సరీకం

ఆపరేషన్ అయిన రెండు నెలలకు కిష్టయ్య సంవత్సరీకం వచ్చింది. స్వప్నకు ఇన్‌ఫెక్షన్ తగలకూడదని చుట్టాలెవరినీ పిలవలేదు, నన్ను మాత్రం రమ్మన్నారు. కిడ్నీ మార్పిడి తర్వాత వేసుకునే మందులు ఒంట్లో చక్కెరను పెంచుతాయి. అది ముదిరితే కొత్త కిడ్నీ దెబ్బతింటుంది. అందుకని ఇప్పుడు చక్కెర బంద్ స్వప్నకు. ఆ పిల్లకు తల్లిలాగా తీపి పిచ్చి లేదు కాబట్టి నాకు బెంగ లేకపోయింది.

బాలమణి నన్ను ముందే అడిగింది. "యాడాది గద మేడం, ఒక్కనాడు తీపి చాయ్ పెడ్త. పెట్టనా?" పెట్టమన్నాను. అన్నం, కూరలు, బాదుషాలు, చాయ్ పీట ముందు అమర్చి, ఆనవాయితీ ప్రకారం తలుపు దగ్గరికి వేసి వరండాలోకి వచ్చాం. స్వప్న వెనక గదిలో నిద్రపోతోంది.

నేను బాలమణి మీద నుంచి చూపు తిప్పలేదు. ఆమె లేస్తుందేమోనని చీర కొంగు కూడా పట్టుకుని కూర్చున్నాను. ఆమె అది గమనించి నవ్వింది. "భయపడకు మేడం, ఈడనే ఉన్న," అంది.

లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు.

బాలమణి నవ్వు ఆగిపోయింది. నాకంటే ముందు ఆమే పరుగెత్తి తలుపు తోసింది. వెనక గది తలుపు తెరిచి ఉంది. పీట ముందు స్వప్న ఒక మోకాలు పైకి మడిచి కూర్చుని ఉంది. ఆపరేషన్ కుట్లు మానీ మానని ఒంటితో.

"స్వప్నా, చాయ్ ఎందుకు తాగినవమ్మా?" అన్నాను.

"ఏ చాయ్ మేడం?" అంది. సాసర్ ఇంకా చేతిలోనే ఉంది.

తల్లిని పక్కకు పిలిచి గుసగుసగా ఏదో ఉపాయం చెబుదామని నోటిదాకా వచ్చింది. వద్దనుకుని ఆ పిల్ల ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "నీ చేతిల సాసర్ జూడు బిడ్డా. నువ్వే తాగినవ్, ఇప్పుడే. మీ అమ్మకు గూడ గిట్లనే అయింది. ఏమైందో నాకు తెల్వది. కని నీకు సెప్పకుండ మాత్రం ఏం జెయ్య."

స్వప్న సాసర్ వైపు చూసింది. నాలుకతో పెదవి తడుముకుంది. "తియ్యగుంది అమ్మా," అని తల్లి వైపు తిరిగి ఏడ్చింది.

బాలమణి ఆమె చేతిలోంచి సాసర్ లాక్కుంది. బిడ్డను తన వెనక్కి నెట్టి, ఫోటోకు ఎదురుగా నిలబడింది. ఆమె చెయ్యి తన నడుము మీద, ఆపరేషన్ గాటు ఉన్న చోట ఉంది.

"ఏమయ్యో," అంది. "గా కిడ్నీ నాది. నేను దానికిచ్చిన. అండ్ల నీ వాటా లేదు. నడువ్."